తులం బరువు గోలీ

తుపాకీ గుండుని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. కంపెనీ జమానాలో, 1833లో అలా ఖాయం చేశారు. ఇప్పుడు బంగారు దుకాణాల్లో తులం అంటే పది గ్రాములే ఇస్తున్నారు, అది వేరే కథ. ఆఫ్రికాలో జింకజాతి జంతువుల షికార్‌కి అందరూ మెచ్చుకునే .30-06 రైఫిల్లో ఎక్కువగా వాడే గోలీ బరువు 180 గ్రెయిన్లు. అంటే అచ్చం ఒక తులం. మా దాదీ నిఖాలో వేసుకున్న చాంద్‌బాలీల జత కూడా తులమే ఉండేదట.

ఈ లెక్క నేనేదో సరదాకి వేయలేదు. మా ఖాలా కొడుకు జొహానెస్‌బర్గ్‌లో ఉంటాడు. ఉద్యోగం మీద వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. అక్కడ జూన్, జూలైలు చలికాలం. గడ్డి ఎండిపోతుంది, చెట్లు ఆకులు రాలుస్తాయి, జంతువులు దూరం నుంచి కనపడతాయి. షికార్ సీజన్ అదే. ఆఫీసులో తెల్లదోస్తు ఒకాయన వీణ్ణి లింపోపోలో తమకు తెలిసిన ఫామ్‌కి రమ్మన్నాడు. అక్కడ అది చట్టబద్ధం. వేలాది ఎకరాలకి కంచె వేసుకుని కుడూలు, ఇంపాలాలు పెంచుతారు. తుపాకీ కూడా ఫామ్‌వాళ్ళదే ఇస్తారు, వాళ్ళ నిగరానీలోనే కాల్చాలి.

"భాయిజాన్, మూడు బందూకులున్నాయట. .308, .30-06, .375. ఏది తీసుకోమంటారు?" అని ఫోన్ చేశాడు. నన్నెందుకు అడిగాడంటే, చాలా ఏళ్ళ కింద ఆయుధ లైసెన్సుల మీద నేను పేపర్లో నాలుగు రోజులు వరస కథనాలు రాశాను. అప్పట్నుంచి ఖాందాన్‌లో ఎవరికి బందూక్ డౌటొచ్చినా నాకే ఫోను. వాడి మనసు ఆల్రెడీ .375 మీద ఉంది. వీడియోల్లో గడ్డపు షికారీలు దాన్ని భుజాన వేసుకుని ఏనుగుల వెనక నడుస్తుంటారు కదా.

వాడి ప్రశ్నకి జవాబు తేలికే. ఇబ్బందల్లా ఫోన్ పెట్టేసే ముందు వెనకనుంచి వినపడిన ఖాలా గొంతుతో వచ్చింది. మనవణ్ణి చూసుకోడానికి వెళ్ళి ఆరునెలలుగా అక్కడే ఉంది. "వాడు ఏ బందూకైనా పట్టుకోనీ బేటా, జానవర్ జిబహ్ అయితేనే నా బావర్చీఖానాలోకి వస్తుంది. లేకపోతే గోష్త్ బయటే. వాడికి గట్టిగా చెప్పు."

ముందు బందూకుల సంగతి చెప్పి ఆ మసలాకి వస్తాను.

.375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌ని లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చింది. గోలీ 300 గ్రెయిన్లు, మన లెక్కలో తులం ఎనిమిది మాషాలు. సెకనుకి దాదాపు 2500 అడుగుల వేగం. వందేళ్ళు దాటినా ఆఫ్రికాలో ఒకే ఒక్క బందూక్‌తో అన్ని జంతువులకీ సరిపెట్టుకోవాలంటే ఈరోజుకీ దీని పేరే చెప్తారు. అడవిదున్న, సింహం, ఏనుగు లాంటి ప్రమాదకరమైన జంతువులకి దీనికంటే చిన్న తుపాకీ పట్టుకురావద్దని అక్కడ చాలా దేశాల్లో కాయిదా ఉంది. దీనికి పైన .416 రిగ్బీ ఉంది, 1911ది. ఇంకా పైన .470 నైట్రో ఎక్స్‌ప్రెస్. రెండు నాళీల బందూక్, 500 గ్రెయిన్ల గోలీ, అంటే రెండు తులాల తొమ్మిది మాషాల పైచిలుకు సీసం. .577 అయితే 750 గ్రెయిన్లు. నాలుగు తులాల రెండు మాషాలు! అది భుజం మీద పేలితే మనిషి రెండడుగులు వెనక్కి పోతాడు.

ఈ .470 పుట్టుక వెనక మన దేశం ఉంది. ఆ రోజుల్లో ఏనుగుల షికార్‌కి .450 బోరు ఇంగ్లీషు బందూకులకి గిరాకీ. అయితే ఫౌజు వాడి పక్కన పెట్టిన మార్టినీ-హెన్రీ తుపాకీల బోరు కూడా .450యే. ఆ తూటాలు, గోలీలు బాగీల చేతికి వెళ్తాయనే ఖౌఫ్‌తో అంగ్రేజు సర్కారు 1907లో హిందుస్తాన్‌లోకీ, సుడాన్‌లోకీ .450 బందూకులు, కార్తూసులు తేవడం బంద్ చేసింది. దాంతో ఇంగ్లీషు కంపెనీలు చట్టం తాకకుండా నాళీ కొలతని కొంచెం పెంచి .465, .470, .475, .476 అంటూ కొత్తవి చేసి అమ్మాయి. మన వాళ్ళ బగావత్‌కి భయపడి పుట్టిన బోర్లే తర్వాత ఆఫ్రికా షికారీల ఇజ్జత్ అయ్యాయి. మన దగ్గర పాత లైసెన్సుదారుల ఇళ్ళల్లో కనపడే .315 కథా ఇలాంటిదే. ఫౌజీ .303 తూటా మామూలు జనానికి మనా కాబట్టి దాని బదులు వచ్చింది అది.

పదాలకి కూడా ఇలాంటి సఫర్లే ఉంటాయి. తుపాకి తుర్కీ నుంచి వచ్చింది. కార్తూస్ పోర్చుగీసువాళ్ళది. బందూక్ అరబ్బీ. అసలు 'బుందుఖ్' అంటే హేజెల్ కాయ. ఆ సైజు మట్టి ఉండని విసిరితే అదీ బుందుఖే అయింది. ఆ మట్టి ఉండ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఖాలా మసలా అక్కడే చిక్కుకుంది.

మా వాడికి చెప్పిందేమిటంటే, మియా, నువ్వు వెళ్తున్నది ఏనుగు కోసం కాదు. ఇంపాలా మగది యాభై, అరవై కిలోలు ఉంటుంది. మన బక్రీద్ పొట్టేలు కంటే ఓ మోస్తరు ఎక్కువ. కుడూ మగది రెండొందల నుంచి రెండొందల డెబ్బై కిలోలు. తల మీద మెలికలు తిరిగిన కొమ్ములు, ఒంటి మీద సున్నం గీసినట్టు తెల్ల చారలు. దీనికి తులం గోలీ ధారాళంగా చాలు. .30-06 అమెరికా ఫౌజుది, 1906లో వచ్చింది. మూడేళ్ళకి థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రెసిడెంట్ పదవి దిగిపోయి తూర్పు ఆఫ్రికా వెళ్ళినప్పుడు పెద్ద బందూకులతో పాటు దీన్నీ తీసుకెళ్ళాడు. .308 దానికి తమ్ముడు, 1952ది. వేగం కాస్త తక్కువ. వంద మీటర్లలో కుడూకి ఆ తేడా తెలీదు.

.375 తన్నుడు .30-06 తన్నుడికి దాదాపు రెట్టింపు. ఎప్పుడో ఎన్‌సీసీలో చిన్న .22 పట్టుకున్నవాడు దాన్ని భుజానికి ఆనించి రెండుసార్లు పేలిస్తే మూడోసారి వేలు ట్రిగ్గర్ మీద పడకముందే కళ్ళు మూసుకుపోతాయి. భుజం ముందే బిగుసుకుంటుంది. గోలీ గుండెకి బదులు పొట్టలోకి వెళ్తుంది. పొట్టలో తగిలిన జానవర్ గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా తడపడుతుంది. పెద్ద గోలీ తప్పు చోట తగలడం కంటే చిన్న గోలీ సరైన చోట తగలడం నయమని అక్కడి షికారీలు ఊరికే అనరు.

దీనికి ఆఫ్రికాలో అందరూ ఒక మిసాల్ చెప్తారు. బెల్ అని ఒక స్కాట్లాండ్ మనిషి. యుగాండాలోని కారమోజా ఇలాఖాలో తిరిగి 'కారమోజో' బెల్ అయ్యాడు. దంతాల వ్యాపారం కోసం 1011 ఏనుగుల్ని చంపాడు. వాటిలో ఎక్కువభాగం 7 మిల్లీమీటర్ల మౌజర్‌తో, అంటే .275 రిగ్బీతో. 173 గ్రెయిన్ల గోలీ! తులానికి కూడా ఏడు గ్రెయిన్లు తక్కువ. ఏనుగు పుర్రెల్ని కోయించి మెదడు ఎక్కడ ఉంటుందో, ఏ కోణంలో నిలబడితే ఎటునుంచి దారి దొరుకుతుందో చదువుకున్నాడు. దంతాల కోసం అన్ని ఏనుగుల్ని చంపినవాణ్ణి నేను తారీఫ్ చేయలేను. కానీ అతని కథలో .375 మోజున్న మా వాడికి పనికొచ్చే ముక్క ఒకటుంది. అతను బందూక్ కంటే ఎక్కువ టైం జానవర్ లోపలి భాగాలు తెలుసుకోడానికి ఖర్చు పెట్టాడు.

ఆఫ్రికా జంతువుల గుండె మనం అనుకునే చోటుకంటే ముందుకీ, కిందకీ ఉంటుంది. భుజం వెనక కాలిస్తే ఊపిరితిత్తుల చివరకి, ఇంకొంచెం జరిగితే కాలేజాకి తగులుతుంది. ముందుకాలి గీత పట్టుకుని పైకి వెళ్ళి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగమంటారు. ఈ ఒక్క మాట వాడితో మూడుసార్లు చెప్పించుకున్నాను. అక్కడ మూడు కర్రలు కట్టిన స్టాండ్ మీద నాళీ ఆనించి కాలుస్తారు, దాని మీద సాధన చేయకుండా ఫామ్‌లోకి అడుగు పెట్టొద్దన్నాను.

ఇక గోలీ రకం. చాలామంది బోరు గురించి గంటలు గంటలు బహస్ చేసి గోలీని మాత్రం దుకాణంవాడు ఇచ్చింది తెచ్చుకుంటారు. నిజానికి పని చేసేది గోలీయే. మొత్తం గట్టి తొడుగు ఉన్నదాన్ని సాలిడ్ అంటారు. దూసుకుపోతుంది, ఆకారం మారదు. ఏనుగు పుర్రెకి అదే కావాలి. ఇంపాలాకి అది వాడితే ఇటునుంచి అటు సన్నటి సూరాఖ్ చేసి పోతుంది, జానవర్ పరిగెత్తి ముళ్ళపొదల్లో మాయమవుతుంది. వెనకాల ఇంకో జంతువుంటే దానికీ తగులుతుంది. అందుకని కుడూ, ఇంపాలాలకి ముక్కు మెత్తగా ఉన్న సాఫ్ట్ పాయింట్ వాడతారు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని రెట్టింపు వెడల్పవుతుంది.

ఈ విచ్చుకునే గోలీ పేరుపొందింది కలకత్తా పక్కన. డమ్‌డమ్ ఆయుధాల కార్ఖానాలో 1890ల్లో వాయవ్య సరిహద్దు కబీలాల మీద వాడటానికి చేశారు. మనిషి ఒంట్లో అది చేసే గాయాలు చూసి 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని యుద్ధంలో ఇలాంటివి వాడకూడదన్నాయి. మనిషి మీద జుల్మ్ అని మనా చేసిన గోలీనే జానవర్ మీద రహమ్ అని వాడమంటున్నారు, తొందరగా చస్తుంది కాబట్టి. మొదటిసారి ఇది చదివినప్పుడు కాసేపు కితాబ్ మూసి కూర్చున్నాను. రెండు మాటలూ సచ్చే.

సీసం గోలీతో ఇంకో ఫికర్ ఉంది. విచ్చుకునేటప్పుడు సన్నటి సీసపు తునకలు గోష్త్‌లోకి చిమ్ముతాయి, కొన్ని కంటికి కనపడవు. పిల్లలకి సీసం జహర్. అందుకే గాయం చుట్టూ జానెడు మేర మాంసం కోసి పారేయమంటారు. 1980ల చివర్లో అమెరికాలో బార్న్స్ కంపెనీ మొత్తం రాగితోనే చేసిన గోలీ తెచ్చింది. విచ్చుకుంటుంది, కానీ ముక్కలవదు. ఇంట్లో మూడేళ్ళ మనవడు ఉన్నాడు కదా, దొరికితే రాగిదే తీసుకోమన్నాను. రాగి సీసం కంటే తేలిక కాబట్టి తులం గోలీ పొడుగెక్కువవుతుంది, 165 గ్రెయిన్లదైనా చాలు. హలాల్ ఒక్కటే కాదు, తయ్యిబ్ కూడా కావాలి అని మనం అంటాం కదా, ఇది ఆ ఖాతాలోకి వస్తుంది.

ఇక్కడిదాకా మా వాడు బుద్ధిగా విన్నాడు. తర్వాత అసల్ బాత్.

సూరె మాయిదా మూడో ఆయత్‌లో హరామ్ అయిన వాటిలో 'మౌఖూజా' అనే మాట వస్తుంది. దెబ్బ తగిలి చచ్చింది అని మాయినా. నాలుగో ఆయత్‌లో శిక్షణ ఇచ్చిన షికారీ జంతువులు పట్టుకొచ్చింది అల్లా పేరు చెప్పి తినొచ్చని ఉంది. వీటి మధ్య బాణాలు, ఈటెల సంగతి హదీసుల్లో వస్తుంది. అదీ బిన్ హాతిమ్ రజీయల్లాహు అన్హు, మనం చిన్నప్పుడు ఖిస్సాల్లో చదువుకున్న హాతిమ్‌తాయి కొడుకు, పెద్ద షికారీ. ఈకలు లేని బరువైన బాణంతో కొట్టిన జంతువు సంగతి హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లంని అడిగారు. మొన తగిలి దిగితే తినొచ్చు, అడ్డంగా తగిలి ఆ దెబ్బకి చస్తే అది మౌఖూజా అని జవాబు. అంటే చూడాల్సింది కోసిందా, కొట్టిందా అన్నది. ఇందాక చెప్పిన మట్టి ఉండ, ఆ బుందుఖా, కొట్టేదే కాబట్టి దానితో చచ్చింది మౌఖూజాయే అని సహాబాల కాలం నుంచే మాట ఉంది.

మరి సీసం బుందుఖా? పంతొమ్మిదో శతాబ్దంలో ఇద్దరు ఆలిములు ఇంచుమించు ఒకే కాలంలో ఈ సవాల్ చూశారు. డమాస్కస్‌లో ఇబ్నె ఆబిదీన్, మన హనఫీ మద్రసాల్లో 'షామీ' అని పేరు చెప్తే చాలు, ఆయన సీసం గుండు కాల్చి, బరువుతో తోసి చంపుతుంది, దానికి ధార లేదు, కాబట్టి జిబహ్ కాకుండా చచ్చింది హలాల్ కాదన్నారు. యెమెన్‌లో షౌకానీ అది చీల్చుకుని లోపలికి వెళ్తుంది కదా, బిస్మిల్లా చెప్పి కాలిస్తే హలాలే అన్నారు. మాలికీ ఫిఖ్‌లో కూడా చాలామంది ఇటే. మన తెలుగు నేల మీద ఎక్కువమందిమి హనఫీలం. మా ఖాలా అయితే మరీను. ఆమె షౌకానీ పేరు విన్లేదు, వినిపించినా వినదు.

షామీ కాలంనాటి గుండు గుండ్రటి సీసపు ఉండ, ఈరోజు గోలీ మొనదేలి తిరుగుతూ దూసుకుపోయే వస్తువు అని వాదించేవాళ్ళున్నారు. నాక్కూడా ఆ వాదనలో దమ్ ఉందనిపిస్తుంది. అయితే నేను ముఫ్తీని కాను, పత్రికల మనిషిని. పైగా మెత్తటి ముక్కు గోలీ లోపలికి వెళ్ళాక విచ్చుకుని నలగ్గొడుతుంది. చీల్చడం ఎక్కడ ఆగి కొట్టడం ఎక్కడ మొదలయిందో ఎవరు చెప్తారు? సాలిడ్ అయితే చీల్చడమే, కానీ అది ఇంపాలా మీద జుల్మ్ అని పైన చెప్పుకున్నాం.

హనఫీ లెక్కలో ఒక దారి సాఫ్‌గా ఉంది. గోలీ తగిలిన జానవర్ దగ్గరికి ప్రాణం ఉండగా చేరుకుని, బిస్మిల్లా అల్లాహు అక్బర్ అని చాకుతో జిబహ్ చేస్తే హలాల్, అందులో ఎవరికీ ఇఖ్తిలాఫ్ లేదు. కదలికో, ప్రాణమున్న ఒంటి నుంచి కారినట్టు నెత్తురు ధారో కనపడాలి. ప్రాణంతో దొరికి, జిబహ్ చేసే వీలుండీ చేయకుండా వదిలేస్తే ఏ మజహబ్‌లోనూ హలాల్ కాదు.

ఇదిగో, ఇక్కడ రెండు రహమ్‌లు ఎదురెదురు వస్తాయి. అక్కడి షికారీ ఉసూల్ ఏమిటంటే, జానవర్ తగిలినచోటే కూలాలి, ఎంత త్వరగా ప్రాణం పోతే అంత మంచిది. గుండె, ఊపిరితిత్తుల మీద సరైన దెబ్బ పడితే చాలాసార్లు నిమిషం లోపే అయిపోతుంది. ఖాలా ఉసూల్ ఏమిటంటే, చాకు చేరేదాకా ప్రాణం ఉండాలి. మొదటిదానికి పెద్ద బందూక్, దూరపు గురి, బాగా విచ్చుకునే గోలీ కావాలి. రెండోదానికి దగ్గరి గురి, పరిగెత్తే కాళ్ళు. ఇంకాస్త సేపు ప్రాణం ఉండాలని కావాలనే తప్పు చోట కాల్చడం మాత్రం ఎవరూ చెప్పరు. ప్రాణమున్నదాన్ని నిషానా చేసి ఆడుకోవద్దనే దీన్ మనది. ఆ దారి మొదట్లోనే మూసేశాను.

మిగిలింది దూరం. దూరం గురించి నాకు చెప్పింది ఏ బాలిస్టిక్స్ కితాబూ కాదు, మా అబ్బా.

మా దాదా దగ్గర భర్మార్ బందూక్ ఉండేది. నాళీ ముందునుంచి మందు, గుడ్డ, గుండు కూరేది. నల్లమల అంచున ఊరు. 1972 చట్టం రాకముందు రోజులవి. ఆ చట్టం వచ్చాక దాన్ని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు, ఆ రసీదు మాత్రం చాలా ఏళ్ళు పెట్టెలో ఉంది. దాదా అడవికి వెళ్ళేటప్పుడు పదేళ్ళ అబ్బాని వెంట తీసుకెళ్ళేవాడట. అబ్బా పని ఒక్కటే. చాకు పట్టుకుని పరిగెత్తడం. పేలిన చప్పుడు ఆగకముందే ఉరకాలి. అందుకని దాదా ముప్పై, నలభై అడుగులు దాటితే కాల్చేవాడు కాదు. పిల్లాడు పరిగెత్తగలిగినంత దూరమే ఆయన గోలీ దూరం. దుప్పి అటు నిలబడి కనపడుతున్నా బందూక్ దించి ఇంటికొచ్చిన రోజులే ఎక్కువట. "మీ దాదా షికార్ కంటే ఎక్కువ వాపసీ చేశాడు," అని అబ్బా నవ్వేవాడు.

ఇది మా వాడికి చెప్పాను. లింపోపో పొదల్లో మామూలుగా అరవై నుంచి నూటయాభై మీటర్లలో కాలుస్తారు. నువ్వు ఎనభై దాటొద్దు. అప్పుడు .375 వల్ల వచ్చే లాభమేమీ లేదు. .30-06, రాగి గోలీ, ఎనభై మీటర్లు. చాకు ముందే పదును పెట్టించి నీ దగ్గరే పెట్టుకో, ట్రాకర్ చేతికివ్వకు. ఫామ్ మాలిక్‌కి ముందురోజే సంగతి చెప్పు. కాల్చిన తర్వాత పదినిమిషాలు ఆగి వెళ్ళడం వాళ్ళ ఆదత్, గాయపడ్డ జంతువుని వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుందని. అందుకని కూలింది కళ్ళతో చూస్తేనే పరిగెత్తు. అడవిపంది, వార్ట్‌హాగ్ అంటారు, సస్తాగా వస్తుందని అంటగడతారు, అది వద్దని ముందే చెప్పు. జీబ్రా సంగతి అడిగాడు. అడవిగాడిద లెక్కన అది హలాల్ ఖాతాలోకే వస్తుంది, ఊరిగాడిద మాత్రం హరామ్. కానీ దాన్ని తినాలన్న షౌఖ్ నాకైతే లేదు. ఊరికే కొమ్ముల కోసం, ఫోటో కోసం జానవర్‌ని పడగొట్టడం నాకు నచ్చదని కూడా అన్నాను. తినేదే కాల్చు, కాల్చింది తిను. దానికి వాడు ఏమీ మాట్లాడలేదు, కుడూ కొమ్ముల మీద కన్నున్నట్టుంది. కుడూ రేటు విన్నాక ఆ కన్ను దానంతటదే మూసుకుంది.

జూన్ చివరి ఇత్వార్ రాత్రి ఫోన్ వచ్చింది. రెండు ఇంపాలాలు.

మొదటిది డెబ్బై మీటర్లట. బిస్మిల్లా చెప్పి కాల్చాడు. నాలుగు గంతులు వేసి కూలింది. వీడు పరిగెత్తాడు. ముళ్ళు చొక్కా చింపాయి, ట్రాకర్ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. చేరేసరికి కన్ను కదులుతోంది, కాలు తన్నుకుంటోంది. జిబహ్ చేశాడు. చేతులు వణికాయన్నాడు, అది చెప్పేటప్పుడు గొంతు కూడా. బక్రీద్‌కి చేయించడమే గానీ తన చేత్తో చాకు పెట్టడం అదే మొదలు.

రెండోది సాయంత్రం. దూరం అంతే, గురి ఇంకా బాగా కుదిరింది. నిలబడ్డచోటే కూలింది. ఫామ్ మాలిక్ భుజం తట్టి, ఈ సీజన్‌లో ఇంత మంచి షాట్ చూళ్ళేదన్నాడట. వీడు ఉరుక్కుంటూ వెళ్ళేసరికి ఏ కదలికా లేదు. మెడ దగ్గర చాకు పెట్టాడు. నెత్తురు నెమ్మదిగా, కొంచెమే వచ్చింది. ధార లేదు.

"భాయిజాన్, బిస్మిల్లా చెప్పే కాల్చాను. షౌకానీ లెక్కన హలాలే కదా?" అన్నాడు. షౌకానీ లెక్కన అవునన్నాను. అక్కడి దోస్తుల్లో కొందరు అలాగే తింటారనీ, తప్పు పట్టలేమనీ అన్నాను. "మరి అమ్మీకి ఏం చెప్పను?" అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. వాడు చాలాసేపు లైన్లో ఊరికే ఉన్నాడు. ఫామ్ నుంచి ఇంటికి మూడు గంటల దారి. రెండూ ఒకే కూలర్‌లో ఉంటే ఏది ఏదో ఇంట్లో ఎవరికీ తెలీదు, వాడికి తప్ప.

ఖాలాకి ఆ రాత్రే చెప్పాడు. ఆమె కోప్పడలేదు. నెత్తురు ఎలా వచ్చిందని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

మొదటి ఇంపాలా ఇంటికొచ్చింది. అక్కడివాళ్ళు మాంసాన్ని సిర్కా, ధనియాలు పట్టించి ఆరబెట్టి బిల్టాంగ్ చేస్తారు. ఖాలా దానికి ఒప్పుకోలేదు. ఉప్పు, పసుపు పట్టించి దారానికి గుచ్చి బాల్కనీలో కట్టింది. జొహానెస్‌బర్గ్ చలిగాలికి నాలుగు రోజుల్లో ఎండి కర్రలయ్యాయట, మన దగ్గర ఎండాకాలంలో కూడా అంత బాగా ఎండవట. తుంకియా కా సాలన్ వండింది. చింతచిగురు లేదని ఆమె బాధ. ఫోటో పంపారు, నా ముందు ప్లేట్లో ఉప్మా ఉంది.

రెండోది ఫామ్‌లోనే చల్లగదిలో వేలాడింది, ట్రాకర్లు పంచుకున్నారు. అక్కడి ఫామ్‌లలో కాయిదా, నెత్తురు కనపడితే చాలు, ఇంటికి తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా రేటు కట్టాలి. రెండింటికీ కట్టి వచ్చాడు.